గుమ్మడిని బయటికి తీసుకెళ్ళే వేళ

జూన్ 4

పిన్నీ,

నీ కొత్త కళ్ళద్దాలు అందాయనుకుంటాను. ఎడమ వైపు కొంచెం బరువనిపిస్తే అలవాటయ్యేదాకా ఓపిక పట్టు. ముక్కు మీదికి జార్చుకుని పైనుంచి చూడకు. అలా చూస్తే నేను కూర్చుని అరగదీసిన అద్దం నేలని చూస్తుంది, నువ్వు ఉత్త కళ్ళతో లోకాన్ని చూస్తావు. మా షాపులో ఆ అద్దానికి మూడుసార్లు కొలత తీశాను, దాని పరువు కాపాడు.

ఒక సంగతి ఇన్నాళ్ళూ నీకు రాయలేదు, తిడతావని. నేను కుక్కని తెచ్చుకున్నాను. తిట్టడం అయిపోయాక మిగతాది చదువు.

దిక్కులేని కుక్కల్ని చేరదీసే షెల్టరు నుంచి తెచ్చాను. ఆడది. ఇదివరకు కుక్కపిల్లల్ని అమ్ముకునేవాడి దగ్గర ఇనప బోనులో ఉండేదట. ఎదకొచ్చిన ప్రతిసారీ దాన్ని ఈనించడం, పిల్లల్ని అమ్ముకోవడం, అంతే వాడి పని. చివరిసారి పిల్ల అడ్డం తిరిగితే పొట్ట కోసి తీయించి, కుట్లు మానకముందే రోడ్డు మీద వదిలేశాడు. పసుప్పచ్చటి ఒళ్ళు, కిందికి వేలాడే పొట్ట. అందుకని గుమ్మడి అని పిలుస్తున్నాను. చీపురు తీస్తే వణుకుతుంది, ప్లేటు కింద పెడితే వణుకుతుంది, ప్లేటు తీసేస్తే మరీ వణుకుతుంది.

పశువుల డాక్టరమ్మ దాన్ని చూసి ఒకటే మాట చెప్పింది. "ఇంకోసారి కడుపొస్తే ఇది బతకదు. పాత కుట్టు దగ్గర గర్భసంచి కాగితంలా అయిపోయింది, చిరిగిపోతుంది." ఆ సంచి తీసేసే ఆపరేషన్ చెయ్యాలట. కానీ ఒంట్లో రక్తం లేదు, కాస్త పుంజుకోనివ్వండి అంది. పుంజుకుంటోంది కదా అని నేను సంబరపడేలోపు, మొన్న పొద్దున నేల మీద రక్తపు చుక్కలు కనపడ్డాయి. ఎదకొచ్చింది. ఇప్పుడు కోస్తే రక్తం ఎక్కువ పోతుందట. మూడు వారాలు మగకుక్కని దగ్గరికి రానివ్వొద్దు, ఆ తర్వాత కోద్దాం అంది.

తలుపేసుకుని ఇంట్లో ఉంచెయ్యొచ్చు కదా అంటావు. అక్కడే వచ్చింది చిక్కు. ఇది చచ్చినా ఇంట్లో పోసుకోదు. బోనులో తడి చేస్తే కొట్టేవాళ్ళేమో. పేపర్లు పరిచాను, మట్టి తొట్టి పెట్టాను, బాత్రూములో నిలబెట్టి బతిమాలాను. బిగబట్టుకుని నా మొహంలోకి చూస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలా ఆపుకుని చివరికి మూలిగింది. కాబట్టి రోజుకి మూడుసార్లు మూడంతస్తులు దిగి వీధిలోకి వెళ్ళక తప్పదు. వీధిలో ఎన్ని మగకుక్కలున్నాయో నాకు ఇన్నాళ్ళూ తెలియదు పిన్నీ. ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ మొహం చూసి గుర్తుపడతాను.

పక్క వాటాలో రిటైరైన డ్రిల్లు మాస్టారు ఉన్నారు. ఆయనకీ కుక్క ఉంది. "నేనూ వస్తానమ్మా నడకకి, తోడుంటుంది" అన్నారు. నేను నీళ్ళు నమిలాను.

నువ్వు కాన్పుల వార్డులో ముప్పై ఏళ్ళు చేశావు. నువ్వు చెబితే నాకు ధైర్యం. ఇది ఎప్పటికి ఆగుతుంది? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? ఫోన్లో అడుగుదామంటే నీకు వినపడదాయె. వెంటనే రాయి.

నీ చిట్టి, ప్రస్తుతం గొలుసుకి ఇవతల చివర

జూన్ 8

చిట్టీ,

తిట్టడం ఇంకా అవలేదు. చదువుతూ తిడుతున్నాను, రాస్తూ తిడుతున్నాను. నీ వయసులో ఆడపిల్ల ఒంటరిగా ఉంటూ ఒక మొక్కని పెంచుకున్నా అందంగా ఉండేది. మొక్క మూడంతస్తులు దిగనక్కర్లేదు.

అద్దాలు బాగున్నాయి. ఇన్నేళ్ళుగా మా ఎదురింటి కాంపౌండరుగారు నవ్వుమొహం మనిషనుకున్నాను. ఈ అద్దాలతో చూస్తే అది నవ్వు కాదు, పై పన్ను ముందుకొచ్చింది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు, నీకే చెబుతున్నాను. సాయంత్రాలు చదరంగానికి వస్తాడు, నాకు వినపడదు కాబట్టి ఆయన ఎత్తు వెనక్కి తీసుకుంటానని ఎన్నిసార్లు బతిమాలినా నాకు బాధ లేదు.

ఇక నీ గుమ్మడి. డాక్టర్లు మూడు వారాలంటారు. వాళ్ళ మీదికి మాట రాకుండా ఎప్పుడూ నాలుగు రోజులు కలిపే చెబుతారు. ముప్పై ఏళ్ళు వాళ్ళ పక్కన నిలబడినదాన్ని, ఆ లెక్క నాకు చెప్పకు. రక్తం కనపడినన్నాళ్ళే జాగ్రత్త. రక్తం పలచబడి ఆగిపోయిందంటే ఒళ్ళు సర్దుకున్నట్టే. మనిషైనా పశువైనా ఆడ ఒళ్ళు ఆడ ఒళ్ళే. అన్నాళ్ళూ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసుకో. ఆగాక మామూలుగా తిప్పు. పాపం, బోనులోంచి తెచ్చి మళ్ళీ బోనులో పెట్టకు.

డ్రిల్లు మాస్టారు వస్తానంటే వద్దన్నావా? నీకు బుద్ధి ఎక్కడికి పోయింది? పెద్దమనిషి, చేతిలో కర్ర ఉంటుంది, పక్కన ఆయన కుక్క ఉంటుంది. వీధి కుక్కలు దూరంగా ఉంటాయి. రేపటి నుంచి ఆయనతోనే వెళ్ళు. ఎవరి సాయమూ వద్దనుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

వేళకి తిను. కుక్క ప్లేటు కడిగిన చేత్తోనే నువ్వు తినవని ఆశిస్తాను.

దీవెనలతో, సగం కోపంతో,
పిన్ని

జూన్ 12

పిన్నీ,

నీ ఉత్తరం చదివాక ప్రాణం కుదుటపడింది, కానీ మాస్టారి సంగతి నేను సరిగ్గా రాయలేదు. ఆయన కుక్క మగది. దూడంత ఉంటుంది. నీకు కంగారెందుకని ఆ ముక్క వదిలేశాను. నువ్వేమో ఆయనతోనే వెళ్ళమన్నావు. వెళ్ళలేదు, కోప్పడకు.

మాస్టారు చెడ్డవారు కాదు. అదే నాకు భయం. చెడ్డవారైతే ఒక కేక వేసి తప్పుకునేదాన్ని. ఆయన నవ్వుతూ మెట్ల మీద నిలబడి, "ఎందుకమ్మా అంత బెంగ? ప్రకృతి. ఒక్క ఈత మంచి ఇంట్లో ఈనితే దాని బెదురంతా పోతుంది. మావాడు పెళ్ళికొడుకులా ఉన్నాడు, చూడు" అంటారు. డాక్టరమ్మ అన్నమాట చెప్పాను. "డాక్టర్లు భయపెడతారమ్మా" అన్నారు. నువ్వూ దాదాపు అదే అన్నావు, ఆ మాట ఆయనకి చెప్పలేదు.

మా నడక ఎలా సాగుతోందో విను. గుమ్మడికి నా పాత నిక్కరు తొడుగుతాను, తోకకి కన్నం పెట్టి. మెట్ల మీద దాన్ని నడవనివ్వను, ఎత్తుకుని దింపుతాను. గేటు దాటి, మలుపు దాటి, అక్కడ కింద పెడతాను. దాని వాసన మా గుమ్మం దగ్గర మొదలవకూడదని. తిరిగొచ్చాక మెట్లన్నీ ఫినాయిలుతో కడుగుతాను. ఒక చేత్తో గొలుసు, ఇంకో చేత్తో గొడుగు. ఏదైనా దగ్గరికొస్తే గొడుగు ఠక్కున దాని మొహం మీద తెరుస్తాను. వీధంతా నన్ను చూసి ఏమనుకుంటోందో నాకు తెలుసు. ఎండా లేదు వానా లేదు, నిక్కరేసుకున్న కుక్కతో గొడుగు మనిషి.

నల్లటి కుక్క ఒకటుంది, ఒక చెవి సగమే ఉంటుంది. అరచెవి అంటున్నాను. మిగతావి గొడుగుకి వెనక్కి తగ్గుతాయి. ఇది తగ్గదు. మొరగదు, పళ్ళు చూపించదు, ఎంత దూరంలో ఆపితే అంత దూరంలోనే వెనకాల నడుస్తుంది. నేను ఆగితే ఆగుతుంది. నిన్న షాపు నుంచి ఇంటికొస్తే రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఉంది. గుమ్మడి ఇంట్లో ఉంది, నేను బయట ఉన్నాను, మధ్యలో అది. గోడకి వీపు ఆనించి పైకెక్కాను. నా చీర కుచ్చిళ్ళు వాసన చూసి తల పక్కకి తిప్పుకుంది. తాళం తీసేటప్పుడు తాళంచెవి కింద పడింది. కింద వాటా ఇంటావిడ, "మీ కుక్క వల్ల మా పిల్లలు మెట్లు దిగడం లేదు, ఈ నెలాఖరుకి ఏదో ఒకటి తేల్చండి" అంది. తప్పు ఆవిడది కాదు.

ఒకటి అడగాలి. రక్తం పలచబడింది, లేత రంగులో వస్తోంది. నువ్వు చెప్పినట్టు తగ్గుముఖమే. మరి మగకుక్కలు ఎందుకు ఎక్కువయ్యాయి? ఇదివరకు గేటు దగ్గర మూడు నాలుగు ఉండేవి. ఇప్పుడు లెక్కపెట్టడం మానేశాను. ఇదొక్కటీ నాకు అర్థం కావడం లేదు, మరిచిపోకుండా రాయి.

ఇంకో మాట. నీకు చెప్పకపోతే ఎవరికి చెబుతాను? "ఇంకోసారైతే బతకదు" అని డాక్టరమ్మ అన్న మాట నాకు కొత్త కాదు. అమ్మకీ ఇదే మాట అన్నారు కదా. అన్నాక కూడా మళ్ళీ నెల తప్పింది. వద్దని చెప్పినంత మాత్రాన జరగకుండా పోదని నాకు ఏడేళ్ళప్పుడే తెలిసింది. రాత్రి గుమ్మడి పక్కనే నేల మీద పడుకుంటున్నాను. దాని పొట్ట మీద చెయ్యేసి పడుకుంటే అమ్మ గుర్తొస్తోంది.

నీ చిట్టి

జూన్ 15

చిట్టికి,

ఉత్తరం అందింది.

మా అక్కనీ నీ కుక్కనీ ఒకే పేజీలో రాశావు. నేను ఆ పేజీ మడిచి పక్కన పెట్టేశాను, మళ్ళీ తియ్యలేదు. మా అక్క నవ్వితే వీధి చివరిదాకా వినపడేది. నీకు జడ వేస్తూ పాఠం అప్పజెప్పించుకునేది. ఇరవై ఏడేళ్ళుగా నా నోటితో నేను ఆ రోజు మాట ఎత్తలేదు, నీ ఎదుట ఎవరినీ ఎత్తనివ్వలేదు. నువ్వు నిక్కరుకి కన్నం పెట్టడం గురించి రాసి, ఆ కిందే ఆ మాట రాశావు.

నేనేమీ పెద్దగా అడగడం లేదు. కుక్క సంగతులు ఇక నాకు రాయకు. నీ ఆరోగ్యం, నీ ఉద్యోగం రాయి, చాలు.

అద్దం ఎడమ వైపు బరువుగానే ఉంది.

పిన్ని

జూన్ 16

పిన్నీ,

శుభవార్త. నీ ఉత్తరం కోసం ఆగకుండా రాస్తున్నాను.

నిన్న పొద్దుటి నుంచి ఒక్క చుక్క లేదు. దుప్పటి తెల్లగా ఉంది. అచ్చం నువ్వు చెప్పినట్టే ఆగిపోయింది. నేనడిగిన ప్రశ్నకి నీ జవాబు రాలేదు. భయపడాల్సిందేదైనా ఉంటే నువ్వు కాంపౌండరుగారిని పరిగెత్తించి అయినా కబురు చేసేదానివి. అంటే అడగాల్సినంత విషయం కాదన్నమాట. నీ సంగతి నాకు తెలియదా?

ఎన్నాళ్ళ తర్వాతో ఇవాళ మధ్యాహ్నం షాపులో చెయ్యి వణక్కుండా ఒక అద్దం అంచు తీశాను. మా ఓనరు అది పట్టుకు చూసి, "మళ్ళీ మనుషుల్లో పడ్డావు" అన్నాడు. ఈ రెండు వారాల్లో రెండు జతలు పాడుచేశాను, ఏమీ అనలేదు పాపం.

గుమ్మడి కూడా మారింది. వణకడం లేదు. తలుపు దగ్గర నిలబడి బయటికి చూస్తోంది, ఎప్పుడూ చూడనట్టుగా. దానికి ధైర్యం వచ్చిందని నాకు సంతోషంగా ఉంది. రేపు సెలవు పెట్టాను. పొద్దున్నే పాత ఆటల మైదానానికి తీసుకెళ్తాను, నిక్కరు లేకుండా, గొడుగు లేకుండా. ఇన్నాళ్ళూ ఛాతీ చుట్టూ కట్టిన పట్టీ దానికి చంక కింద ఒరుసుకుని పుండైంది. కాబట్టి ఉత్త మెడ బెల్టుతోనే. ఇద్దరం కాసేపు గడ్డిలో కూర్చుని వస్తాం.

నువ్వు లేకపోతే ఈ రోజులు గడిచేవి కావు.

నీ చిట్టి

జూన్ 18

చిట్టీ, నా తల్లీ,

ఈ ఉత్తరం అందగానే తలుపులు మూసెయ్యి. గుమ్మడిని ఎక్కడికీ తీసుకెళ్ళకు. ముందు ఆ పని చేసి తర్వాత చదువు.

మడిచి పెట్టిన పేజీ నిన్న తీశాను. కోపం తగ్గి కాదు, కోపం ఇంకా సరిపోక, ఇంకోసారి చదివి ఇంకో నాలుగు మాటలు రాద్దామని తీశాను. అప్పుడు కనపడింది నీ ప్రశ్న. రక్తం తగ్గుతుంటే కుక్కలు ఎందుకు పెరుగుతున్నాయని. మొదటిసారి నా కంటికి అది ఆనలేదు, మా అక్క ప్రస్తావన దగ్గరే చూపు నిలిచిపోయింది. ఆ ప్రశ్న చదివాక నాకు జవాబు రాలేదు చిట్టీ. ఎంత ఆలోచించినా రాలేదు. కాంపౌండరుగారిని వెంటేసుకుని ఇక్కడి పశువుల ఆస్పత్రికి వెళ్ళాను. ఆ డాక్టరు కుర్రాడు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు, నాకు వినపడదని.

కుక్కల్లో తిరగబడి ఉంటుందట. రక్తం ఎర్రగా ఉన్నన్నాళ్ళు అది మగదాన్ని దగ్గరికి రానివ్వదట. రక్తం పలచబడి ఆగినప్పుడే అసలు వేళ మొదలవుతుందట. అప్పుడు అదే వెతుక్కుంటూ వెళ్తుందట. ఆడ ఒళ్ళు ఆడ ఒళ్ళే అని నీకు రాశాను. కాదట.

కాంపౌండరుగారి ఫోను నుంచి నీకు చేయించాను. మోగుతోంది, నువ్వు ఎత్తడం లేదంటున్నాడు. సాయంత్రం మళ్ళీ చేయిస్తే మోగడం కూడా లేదట. నీ షాపుకి చేస్తే నిన్నటి నుంచి రాలేదన్నారట. ఆయన పెదాలు కదులుతుంటే చూస్తూ నిలబడ్డాను. షాపువాళ్ళు ఇంకేదో చెప్పారు గానీ ఆయన నాకు చెప్పడం లేదనిపిస్తోంది. కుక్క ఏమైందో తర్వాత, నువ్వెలా ఉన్నావు? ఒక్క ముక్క రాయి. నీ చేతిరాత చూస్తే చాలు నాకు.

పిన్ని

జూన్ 20

పిన్నీ,

నేను బాగానే ఉన్నాను. ఎడమ మణికట్టుకి కట్టు ఉంది, తలకి చిన్న దెబ్బ. కుడి చెయ్యి బాగుంది, చూశావు కదా, ఇది నా రాతే. ఫోను మైదానంలో ఎక్కడో జారిపోయింది, దొరకలేదు. నీ పదిహేనో తేదీ ఉత్తరం, పద్దెనిమిదో తేదీ ఉత్తరం రెండూ ఇవాళ ఒకేసారి అందాయి. కోపంగా ఉన్నది ముందు చదివి ఏడ్చాను, రెండోది చదివి ఇంకా ఏడ్చాను.

జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

పదిహేడున పొద్దున మైదానానికి వెళ్ళాం. ఎవరూ లేరు. గ్యాలరీ మెట్ల పక్కన కుళాయి ఉంది, అక్కడ నీళ్ళు తాగించాను. తాగుతున్నదల్లా తలెత్తి, తోక ఒక పక్కకి పెట్టి కదలకుండా నిలబడింది. పిలిచాను, నా వైపు చూడలేదు. ఇన్నాళ్ళూ నా కాళ్ళ మధ్య దూరిన కుక్క, పిన్నీ, నేను అక్కడ లేనట్టే నిలబడింది. అది ధైర్యం కాదని అప్పుడు నాకు తెలిసింది.

అవతలి గేటు నుంచి మాస్టారి కుక్క వచ్చింది, గొలుసు లేకుండా. ఆయన దూరంగా, "ఏం కాదమ్మా, మావాడు మాట వింటాడు" అని అరుస్తున్నారు. నేను గుమ్మడిని నా వైపు లాగాను. అది వెనక్కి వెనక్కి నడిచి తల వంచింది, మెడ బెల్టు చెవుల మీదుగా జారి నా చేతిలోకి వచ్చేసింది. ఖాళీ బెల్టు. రెండూ గ్యాలరీ వెనక్కి పరిగెత్తాయి. నేనూ పరిగెత్తాను. మెట్టు అంచుకి కాలు తగిలి పడ్డాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది మాస్టారి మొహం. నా మీద నీళ్ళు చల్లుతున్నారు. ఆయన మొహంలో రక్తం చుక్క లేదు. కుక్కని వదిలేసి నా దగ్గరికే వచ్చారు. ఎంతసేపు అలా పడి ఉన్నానని అడిగితే ఆయనా చెప్పలేకపోయారు.

లేచి గ్యాలరీ వెనక్కి వెళ్తే రెండూ విడివిడిగా ఉన్నాయి. గుమ్మడి గోడ నీడలో పడుకుని రొప్పుతోంది. ఆయన కుక్క గడ్డి వాసన చూస్తోంది. అంతే కనపడింది. అంతకుముందు ఏం జరిగిందో, జరగలేదో ఎవరూ చూడలేదు.

డాక్టరమ్మ పరీక్ష చేసింది. అయిందో లేదో ఖాయంగా చెప్పలేనంది. నెల గడిస్తే స్కానింగులో కనపడుతుందట. కానీ కనపడేనాటికి సంచి సాగి ఉంటుంది, ఏ రోజైనా చిరగవచ్చు. మందు ఇచ్చి పోగొట్టవచ్చు, కానీ ఆ మందుకి సంచి ముడుచుకుంటుంది, పాత కుట్టు ఆగుతుందన్న నమ్మకం లేదు. ఇప్పుడే కోసి తీసేయవచ్చు, కానీ ఎద ఇంకా తగ్గలేదు, ఒంట్లో రక్తం అంతంతమాత్రం, బల్ల మీదే పోవచ్చు. "ఏం చెయ్యమంటారో మీరు చెప్పండి. ఎంత త్వరగా చెబితే అంత మంచిది" అంది.

నేనేం చెప్పను? అద్దమైతే ఒకటి పగిలితే ఇంకోటి తీసుకుంటాను. ఒకసారి ఆపరేషన్ అని నోటిదాకా వస్తుంది, దాని మొహం చూస్తే ఆగిపోతుంది. ఏమీ కాలేదేమో, ఊరికే కోయించి చంపుకుంటానేమో. అయిందేమో, ఊరుకుని చంపుకుంటానేమో. రోజంతా ఇదే తిరుగుతోంది. ఇప్పుడు దానికి నేను బిస్కెట్టు పెట్టినా భయంగా ఉంది. మాస్టారు పొద్దునా సాయంత్రం వచ్చి తలుపు బయట నిలబడి అడిగి వెళ్తున్నారు, లోపలికి రమ్మంటే రావడం లేదు.

నువ్వు చెప్పావు కాబట్టి వెళ్ళానని నువ్వు అనుకుంటున్నావు. నేను నడిచాను, నా కాళ్ళతో. మళ్ళీ నిన్నే అడుగుతున్నాను. ఏం చెయ్యను పిన్నీ?

నీ చిట్టి

జూన్ 23

చిట్టీ,

నీ చేతిరాత చూశాను. చాలాసేపు ఊరికే చూశాను, చదవకుండా.

నీ ప్రశ్నకి జవాబు నాకు తెలియదు. ఈ మాట నేను ఎవరికీ రాయలేదు, చెప్పలేదు. వార్డులో ఏ ఆడమనిషి నా చెయ్యి పట్టుకుని అడిగినా ఏదో ఒకటి ఖాయంగా చెప్పేదాన్ని. వాళ్ళకి కావాల్సింది ఆ ఖాయమే అనుకునేదాన్ని. నీకూ అలాగే చెప్పాను, చూశావుగా ఏమైందో. ఇప్పుడు నేను ఏది చెప్పినా నువ్వు చేస్తావని నాకు భయంగా ఉంది.

అందుకని నాకు తెలిసినది ఒక్కటే రాస్తాను, దాన్ని ఏం చేసుకుంటావో నీ ఇష్టం. మీ అమ్మకి ప్రమాదమని తెలిశాక పెద్దలందరూ కూర్చున్నారు. ఒకరు తీయించేద్దాం అన్నారు, ఒకరు వద్దన్నారు, చివరికి వారం ఆగి చూద్దాం అన్నారు. వారం అయ్యాక ఇంకో వారం. అందరికీ అక్కంటే ప్రాణమే, అందుకే ఎవరి నోటా ఏదీ ఖాయంగా రాలేదు. నేను ఇంకో ఊరి ఆస్పత్రిలో ఉన్నాను, కబురు వచ్చేసరికి అంతా అయిపోయింది. అక్కని ఎవరూ అడగలేదు, నీకేం కావాలని. గుమ్మడినీ అడగలేం. కానీ దాని మొహం రోజూ చూసేదానివి నువ్వు. నా ఉత్తరం కోసం కూడా ఆగకు, చిట్టీ. ఇది నీకు అందేసరికి నువ్వు ఏదో ఒకటి చేసేసి ఉంటే బాగుండునని కోరుకుంటున్నాను.

ఒకే పేజీలో రాశావని నీ మీద విరుచుకుపడ్డాను. నేనూ రాశాను చూడు.

పిన్ని

జూన్ 24, ఆస్పత్రి వరండా

పిన్నీ,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఆగలేకపోయాను. నిన్న సాయంత్రం గుమ్మడి నా చేతి కట్టు మీద తల పెట్టుకుని పడుకుంది. రేపటి నుంచి నెల రోజులు దాని పొట్ట చూసుకుంటూ బతకడం నా వల్ల కాదనిపించింది. డాక్టరమ్మకి కోసేయమని చెప్పాను. చెప్పి ఇంటికొచ్చి దాని పక్కనే నేల మీద పడుకున్నాను.

పొద్దున లోపలికి తీసుకెళ్ళారు. నేను తేలేనేమోనని మాస్టారు దాన్ని ఎత్తుకుని తెచ్చారు. ఆయన ఇప్పుడు బెంచీకి ఆ చివర కూర్చున్నారు. రక్తం ఇవ్వడానికి ఆయన కుక్కనే తెచ్చారు, దూడంత ఉందన్నాను కదా. డాక్టరమ్మ పరీక్ష చేసి పనికొస్తుందంది. అదీ లోపలే ఉంది.

తలుపు తెల్లరంగుది, పైన చిన్న గాజు. ఎవరు లేచి చూసినా లోపల ఆకుపచ్చ తెర తప్ప ఏమీ కనపడదు. చాలాసేపైంది. ఇందాక ఒక నర్సు బయటికి పరిగెత్తి ఏదో సీసా తీసుకుని మళ్ళీ లోపలికి పరిగెత్తింది. అడిగితే ఆగలేదు.

అమ్మ మాట మళ్ళీ ఎత్తుతున్నాను, క్షమించు. ఆ రోజు కూడా నేను ఇలాగే వరండాలో కూర్చున్నాను. నా కాళ్ళు నేలకి అందేవి కావు. తలుపు తీసుకుని ఒక్కొక్కరూ బయటికి వచ్చారు. డాక్టరు, ఆయా, ఇంకో ఆయా. ప్రతివాళ్ళూ నా తల మీదుగా వేరే ఎవరికోసమో వెతికారు. ఎవరూ కళ్ళు దించి నన్ను చూడలేదు. ఎందుకు చూడలేదో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు ఆ తలుపు తెరుచుకుంటే డాక్టరమ్మ ఎటు చూస్తుందోనని భయంగా ఉంది. అంతకు మించి ఏ భయమూ లేదు.

లోపల కుర్చీ జరిపిన చప్పుడు వినపడుతోంది. మాస్టారు లేచి నిలబడ్డారు.

జూన్ 25

ఉత్తరం నిన్న అక్కడే ఆగిపోయింది. ఇది ఇంట్లో రాస్తున్నాను.

డాక్టరమ్మ తలుపు తీసుకుని వచ్చింది. అటూ ఇటూ చూడలేదు. నేరుగా నా మొహంలోకి చూసింది. ఆ తర్వాత ఏదో చెబుతోంది, పెదాలు కదులుతున్నాయి గానీ నాకు వినపడలేదు. అప్పటికే నాకు తెలిసిపోయింది.

బతికింది పిన్నీ. మధ్యలో ఒకసారి గుండె తడబడిందట, రక్తం ఎక్కించారట. తీసిన సంచిని చూపించింది. పాత కుట్టు దగ్గర వెనకాల వేలు పెడితే వేలు కనపడుతోంది. లోపల ఏమైనా మొదలైందా అని అడిగాను. ఇంత తొందరలో కంటికి తెలియదంది, ఇక ఎప్పటికీ తెలియదంది. తెలియకపోయినా ఫరవాలేదని నేనన్నాను. మాస్టారు బయటికెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

ఇప్పుడు నా పక్కన పడుకుంది. మూతి పొడిగా ఉంది, పొట్టంతా కట్టు. ఇంకా గండం పూర్తిగా గడవలేదన్నారు. ఊపిరి తీస్తోందా లేదా అని పేరాకోసారి పెన్ను ఆపి చూస్తున్నాను.

నీ ఉత్తరం ఇందాకే వచ్చింది. ఇంకో ఊళ్ళో ఉన్నాను, కబురు వచ్చేసరికి అయిపోయింది అని రాశావు. ఎప్పటి నుంచో నీకు చెప్పాలనుకుంటూ, నువ్వు ఆ మాట ఎత్తనివ్వవని చెప్పలేదు. ఆ మర్నాడు నువ్వు బస్సు దిగి, చేతిలో సంచీ అయినా కింద పెట్టకుండా, ఇంటి నిండా ఉన్న మనుషుల్లోంచి నేరుగా నా దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నావు. నన్ను చూసిన మొదటి మనిషివి నువ్వే.

నీ చిట్టి